కోకిలకు అర్హత లేదు

తుఫానులో పిట్టకి సాయం ఎవడైనా చేస్తాడు. చేసినట్టు ఫోటో తియ్యాలంటేనే తాతలు దిగొస్తారు. ఈ సంగతి నాకు మొన్న వైశాఖంలో మెరకరేవు పురపాలక సంఘం వారి దయవల్ల తెలిసింది.

నేను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ని. ఊళ్ళో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "స్టూడియో గారూ" అంటారు, నేను పలుకుతాను. పిట్టల్ని తీసే పని నాకు రావడానికి నా ప్రతిభ కారణం కాదు. ఆ నెల్లో మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు, నేను స్టూడియో గుమ్మంలో ఈగలు తోలుకుంటూ కనిపించాను. మా పురపాలక సంఘంలో ఏ పనికైనా మనిషిని ఎంచుకునే పద్ధతి అదే.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. మామిడికాయలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి, ఆవకాయలు సగం ఇళ్ళల్లో పెట్టనేలేదు, ఆడవాళ్ళంతా ఆకాశం కేసి చూసి తిట్టుకుంటున్నారు. అలాంటి సమయంలో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి పట్టణమూ ఈ తుఫానులో ఇంతవరకు ఎవ్వరూ చేపట్టని వినూత్న చర్య ఒకటి చేపట్టి చూపవలెను అని దాని సారాంశం. కమిషనర్ తారకేశ్వర్ గారు వెంటనే సమావేశం పెట్టారు. కెమెరాతో సహా నన్నూ రమ్మన్నారు.

"మనుషుల్ని ఆదుకోవడం పాతబడిపోయిందండీ," అన్నారు కమిషనర్ గారు. "పులిహోర పొట్లాలు, టార్పాలిన్లు, బడిలో పడక. ప్రతి ఊరూ చేస్తోంది. పైగా మనిషికి ఎంత చేసినా పులిహోరలో పులుపు తక్కువైందంటాడు. పిట్ట అలా అంటుందా?"

అనదని అందరం ఒప్పుకున్నాం.

ఆయన ఈమధ్యనే దుర్భిణి ఒకటి కొనుక్కున్నారు. దుర్భిణి కొన్నవాడికి ఊరంతా పిట్టలే. ఆ విధంగా పెరటి గానపక్షులను ఈదురుగాలుల నుండి కాపాడుటకై 'గళరక్ష' అనే పథకం, కాఫీలు వచ్చేలోపలే పుట్టేసింది.

గానపక్షి అంటే ఏది అన్న ప్రశ్న కాఫీల తర్వాత వచ్చింది. దానికి డిగ్రీ కాలేజీ నుంచి జంతుశాస్త్రం డాక్టర్ వామనమూర్తి గారిని పిలిపించారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, అది పెట్టుకుని, మళ్ళీ తీసేసి మాట్లాడే మనిషి.

"గానపక్షి అనగా పాడే పక్షి అని పామరులు భ్రమపడుదురు," అన్నారాయన. "పాట అనునది వినువాని అభిరుచికి సంబంధించిన విషయము. శాస్త్రము కంఠము లోపలి నిర్మాణమును, వంశమును పరిశీలించును. ఆ లెక్కన పిచ్చుక గానపక్షి. గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట గానపక్షులు. కాకి గానపక్షి."

"కాకా?" అన్నారు కమిషనర్ గారు.

"నిస్సంశయముగా."

"మరి కోకిల?"

"కాదు."

ఇంజనీరు గున్నేశ్వర్రావు నెమ్మదిగా లేచాడు. "అంటే ఏటండి మేష్టారూ, కాకికి పాటొచ్చు, కోకిలకి రాదంటారా అండి?"

"వచ్చునా రాదా అన్నది అప్రస్తుతము. కోకిల వేరే వంశము."

కమిషనర్ గారు కాసేపు ఆలోచించి, ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో 'కోకిలకు అర్హత లేదు' అని రాసి కింద గీత గీశారు. పథకంలో ఒకరికైనా అర్హత లేకపోతే అది పథకంలా ఉండదట. సరిగ్గా అప్పుడే ఒక కాకి వచ్చి కిటికీ చువ్వ మీద వాలి గొంతు విప్పింది. "ఆయ్, లబ్ధిదారుగారు ఒచ్చేశారండి," అని గున్నేశ్వర్రావు కుర్చీ జరిపాడు.

ఈ గున్నేశ్వర్రావు చిన్నప్పట్నుంచీ కాలవలు కట్టించి పెరిగినవాడు. కాలవ పనికి మూడు ఫోటోలు ఉండాలన్నది వాళ్ళ ధర్మశాస్త్రం. పనికి ముందు ఒకటి, పని జరుగుతుండగా ఒకటి, పని పూర్తయ్యాక ఒకటి. మూడూ ఒకేచోట నిలబడి, ఒకే కోణంలో తియ్యాలి. పక్కన పని నంబరు రాసిన పలక కనిపించాలి. ఆ మూడు ఫోటోలూ ఉంటే కాలవ లేకపోయినా ఉన్నట్టే. కాలవ నిక్షేపంగా పారుతున్నా ఫోటోలు లేకపోతే లేనట్టే. పిట్టకైనా ఇదే పద్ధతి పాటించకపోతే రేపు ఆడిట్ వాళ్ళు ఊరుకోరని అతను నొక్కి చెప్పాడు.

"భేష్," అన్నారు కమిషనర్ గారు. "మొదటి ఫోటోలో పిట్ట కష్టంలో ఉండాలి. రెండోదాంట్లో తుఫాను, అందులో మన సాయం. మూడోదాంట్లో ఆనందం. అదే పిట్ట, అదే కొమ్మ, అదే కోణం."

"అదే పిట్టని ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. పెళ్ళిళ్ళలో నాకు మనుషులే కలిసిపోతుంటారు.

"పలక ఉంటుంది కదయ్యా," అన్నారాయన నా అజ్ఞానానికి జాలిపడి.

మర్నాడే మొదటి విడత మొదలైంది. మా వీధి వెనకాల నాగరత్నం గారి పెరట్లోకి ముందు వెళ్ళాం. ఆవేళ వాళ్ళింట్లో ఆవిడ మావగారి తద్దినం. పెరట్లో విస్తరి వేసి కాకికి పెట్టి, ఇంటిల్లిపాదీ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. గోడ మీద అర్హత గల గానపక్షి ఒకటి రెడీగా ఉంది. ఇంతకంటే మంచి మొదలు దొరకదని గున్నేశ్వర్రావు పలక పట్టుకుని విస్తరి పక్కనే కూర్చున్నాడు.

కాకి పలకని చూసింది, విస్తరిని చూసింది, మళ్ళీ పలకని చూసింది. రాలేదు.

"మావగారికి ఏదో కోరిక మిగిలిపోయింది," అన్నారు నాగరత్నం గారు భయంగా.

ఆవిడ భర్త రెండడుగులు ముందుకేసి, "నాన్నా, ఏటా నేతిగారెలే పెడుతున్నాం కదా, ఏం లోటు చేశాం?" అని బతిమాలాడు. కాకి మెడ తిప్పుకుంది. పక్కనే ఆయన తమ్ముడు నిలబడి ఉన్నాడు. వీధివైపు గది గురించి అన్నదమ్ములకి మాటల్లేక చాలాకాలమైంది. ఆయన తమ్ముడి కేసి చూసి, కాకి కేసి చూసి, "సరే నాన్నా, వీధి గది వాడికే ఇచ్చేస్తాను, ముట్టవయ్యా," అన్నాడు. అదే సమయానికి గున్నేశ్వర్రావుకి కాలు తిమ్మిరెక్కి పలకతో సహా లేచి అవతలికి వెళ్ళాడు. కాకి టక్కున దిగి గారె పట్టుకుపోయింది.

"విన్నారుగా అందరూ," అన్నాడు తమ్ముడు. గళరక్ష వల్ల నిజంగా లాభపడినవాడు ఊరు మొత్తానికి ఆయనొక్కడే అని నేను తర్వాత లెక్క తేల్చుకున్నాను.

మిగతా పిట్టలతో అంత సులువు కాలేదు. సాయం కింద చెట్లకి రేకు పెట్టెలు బిగించారు. వాటికి పసుపు రంగు వేసి, ముందువైపు కమిషనర్ గారి పేరు, పథకం పేరు రాశారు. అంత రాశాక ద్వారానికి చోటు తక్కువైంది. ఆటోకి మైకు కట్టి వీధివీధినా చాటించారు. "మెరకరేవు పెరటి గానపక్షులకు ముఖ్య గమనిక. మీకు కేటాయించిన సురక్షిత గూళ్ళలోకి తక్షణమే తరలి వెళ్ళి అధికారులతో సహకరించవలసిందిగా కోరడమైనది. కోకిలలు దయచేసి రాకూడదు." చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద వాన పడి డప్పు వాయించినట్టు మోగింది. ఆ చప్పుడుకి పెట్టె ఉన్న చెట్టు మీద వాలే పిట్ట కూడా వాలడం మానేసింది.

అవి ఎక్కడికి పోయాయంటే, తుఫాను వస్తే పిట్టలు అనాదిగా ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి. దట్టమైన ఆకుల్లోకి దూరి, రెక్కలు ముడుచుకుని, నోరు మూసుకుని కూర్చున్నాయి. నేను గొడుగు మెడకి ఇరికించుకుని తడుస్తూ పెరడు పెరడూ తిరిగి ఫోటోలు తీశాను. సాయంత్రం కమిషనర్ గారు వాటిని కంప్యూటర్లో ఒక్కొక్కటే చూశారు.

"ఇందులో పిట్ట ఏది?"

"ఆకుల వెనకుందండి."

"ఇందులో?"

"ఇందులోనూ ఆకుల వెనకేనండి."

"ఆకులెందుకున్నాయి?"

పైనుంచి రెండో విడత ఫోటోలు ఏవని ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని ఆలోచించి, అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించారు. "లబ్ధిదారుల దృశ్యతకు అవరోధముగా నున్న శాఖలను, పత్రములను తక్షణమే తొలగించి, సదరు పక్షులు సహాయము పొందుచున్న దృశ్యము స్పష్టముగా కనబడునట్లు చర్యలు గైకొనవలెను."

మర్నాడు పొద్దున్నే కత్తులతో, నిచ్చెనలతో పారిశుద్ధ్య సిబ్బంది బయల్దేరింది. పాపం వాళ్ళకి ఆ వానలో కాలవల్లో చెత్త తియ్యాల్సిన పని ఉంది. అది వదిలేసి వచ్చారు. ముందు నాగరత్నం గారి పెరటికే వెళ్ళాం, ఎందుకంటే ఆవిడ దానిమ్మ చెట్టుకి తేనెపిట్ట గూడు వేలాడుతోంది, ఆ చెట్టు మీద పిట్టని మొదటి విడతలోనే ఒకసారి తీశాను కూడా. గూడు అంటే గుప్పెడంత. సాలెగూళ్ళూ ఎండుపీచూ కలిపి అల్లిన చిన్న సంచీ, పైన చూరు, పక్కన కన్నం. చుట్టూ ఉన్న ఆకులన్నీ తీసేశాక నున్నటి కొమ్మకి అదొక్కటే మిగిలింది. కన్నంలోంచి తల్లిపిట్ట ముక్కు బయటికి పెట్టి చూస్తోంది. వెనకాల నల్లటి మబ్బు, ముక్కు కొసన వాన చుక్క.

నేను తీశాను. నా జన్మలో అంత మంచి ఫోటో తియ్యలేదు. కమిషనర్ గారు చూసి, "జీవం ఉట్టిపడుతోందయ్యా," అని నా భుజం తట్టారు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. సాయంత్రం కాస్త తెరిపిచ్చాక, పలక అక్కడే మర్చిపోయామంటే తెద్దామని వెళ్ళాను. పలక ఉంది. కొమ్మ ఉంది. గూడు లేదు. తల్లిపిట్ట ఆ గూడు ఉండాల్సిన చోట గాల్లో రెక్కలు కొట్టుకుంటూ ఆగుతోంది, పక్కకి పోతోంది, మళ్ళీ అక్కడికే వస్తోంది.

నాగరత్నం గారు కొంగు నెత్తిన కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఆకులున్నప్పుడు కనపడేది కాదు బాబూ," అన్నారు. "కానీ ఉండేది."

నాకు ఏడుపొచ్చింది. వానలో తెలియలేదు కాబట్టి మర్యాద దక్కింది. పలక చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో మా ఆవిడ మాణిక్యాంబ ఆవకాయ జాడీలకి వాసెన కడుతోంది. మా పెరట్లో సన్నజాజి పందిరి ఉంది. దాని నడుమ పిగిలిపిట్ట గూడు పెట్టి రెండు పిల్లల్ని చేసింది. ఆ గూడు పెట్టిన దగ్గర్నుంచీ మాణిక్యాంబ పువ్వులు కొయ్యడం మానేసింది. మొగ్గలన్నీ విచ్చి రాలి నేలపాలవుతున్నా చెయ్యి పెట్టదు. మగ్గిన అరటిపండు గోడమీద పెడుతుంది, పనిమనిషిని గిన్నెలు నెమ్మదిగా తోమమంటుంది. నన్ను కెమెరాతో పెరట్లోకి రానివ్వదు. "మీ లైటు వాటి కళ్ళల్లో కొట్టారంటే మీ కెమెరా నూతిలో ఉంటుంది," అని మొదటిరోజే చెప్పేసింది. పిల్లలు లేని ఇంట్లో పిల్లలకి ఎంత మర్యాద జరుగుతుందో ఆ రెంటికీ అంత జరుగుతోంది.

దానిమ్మ చెట్టు సంగతి చెప్పాను. ఆవిడ వాసెన కట్టడం ఆపింది.

"రేపు మనింటికొస్తారా?"

"వరసలో మనదే."

"పందిరి కొట్టేస్తారా?"

"కొట్టెయ్యరు. ఆకులు తీస్తారు."

"రెండిటికీ తేడా ఏవుంది?" అంది. "మీరు వాళ్ళ మనిషేగా, మా పెరడు వద్దని చెప్పలేరా?"

"సాయం వద్దంటే కుదరదు మాణిక్యం. అర్హత ఉన్నవాళ్ళు తీసుకు తీరాలి. తీసుకోకపోతే లక్ష్యం తగ్గిపోతుంది."

ఆవిడ జాడీ పక్కకి జరిపి, నా కేసి అదోలా చూసింది. "అర్హత ఉన్నవాళ్ళేనా?" అని మాత్రం అడిగింది. తర్వాత రోజూ పడుకున్నట్టే పడుకుని నిద్రపోయింది. నాకే పట్టలేదు.

పొద్దున్నే వానా గాలీ కలిసి కొడుతుండగా జీపు మా గుమ్మంలో ఆగింది. ముందు గున్నేశ్వర్రావు, వెనక కత్తులవాళ్ళు దిగారు. కమిషనర్ గారూ, వామనమూర్తి గారూ జీపులోనే అద్దాలెత్తుకుని కూర్చున్నారు. తుఫాను మధ్యాహ్నానికి తీరం దాటుతుందట. ఆలోపల రెండో విడత పూర్తవ్వాలి. నేను పలక పట్టుకుని, వాళ్ళ వెనకే సొంత ఇంట్లోకి దొంగలా వచ్చాను.

మాణిక్యాంబ పెరటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుక్కూర్చుంది. చేతిలో చాట.

"అమ్మా, కొంచెం దారియ్యండి. మీ పిట్టలకి సాయం చెయ్యడానికి ఒచ్చామండి," అన్నాడు గున్నేశ్వర్రావు.

"రండి బాబూ. మహరాజులా చెయ్యండి. ఇంతకీ ఈ సాయం ఏ పిట్టలకండీ?"

"గానపక్షులకండి."

"కోకిలకి ఇస్తారా?"

"కోకిలకి ఇవ్వమండి. కోకిలకి అర్హత లేదు."

"అయ్యో రాత," అని మాణిక్యాంబ చాట కింద పెట్టేసింది. "మావి కోకిల పిల్లలండీ."

నా చేతిలో పలక జారింది. గున్నేశ్వర్రావు పందిరి కేసి తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే తల్లి పిగిలిపిట్ట, నెత్తిమీద జుట్టు వానకి నిక్కపొడుచుకుని, నోట్లో పురుగుతో వచ్చి ఆకుల్లోకి దూరింది.

"అది పిగిలిపిట్టలా ఉందండీ?"

"పెంచుతోంది నాయనా. కన్నది వేరే. కోకిల గూడు కట్టుకోదు, ఇంకోరి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, నీకు తెలీదా? చిన్నప్పుడు చదూకోలేదూ?"

చదువుకోలేదంటే మర్యాద పోతుంది. గున్నేశ్వర్రావు పరిగెత్తుకుంటూ జీపు దగ్గరికెళ్ళాడు. అద్దం నాలుగు వేళ్ళు కిందకి దిగింది. లోపలినుంచి వామనమూర్తి గారి గొంతు వినబడింది. "పరాన్న జీవనము కోకిల లక్షణమే. సాధారణముగా కాకి గూటిని ఆశ్రయించును. అయితే... నేను చూడనిదే..."

"దిగి చూస్తారా?" అన్నారు కమిషనర్ గారు.

గాలికి ఎదురింటి రేకు ఒకటి ఎగిరి వీధిలో పడింది. వామనమూర్తి గారు దాని కేసి చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడవలసిన అవసరము లేదు. సంప్రదాయముగా ఆశ్రయించిన గూటినే ఎల్లప్పుడును ఆశ్రయించవలెనని నియమము లేదు. గూడు ఎవరిది అన్నది ముఖ్యము కాదు, పిల్ల ఎవరిది అన్నదే ముఖ్యము."

"అంటే అనర్హులకి ప్రభుత్వ సాయం అందబోయింది," అన్నారు కమిషనర్ గారు. ఆయన ముఖంలో తుఫాను చూసినప్పుడు కూడా లేని భయం కనిపించింది. "గున్నేశ్వర్రావ్, ఒక్క ఆకు ముట్టుకోవద్దు. ఒక్క ఆకు తెగినా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఈ పెరట్లో ఇదివరకే ఏమైనా ఇచ్చామా?"

"రేకు పెట్టె ఒకటి బిగించామండి."

"అక్రమంగా పొందిన సాయం. వెనక్కి తీసుకోండి."

పెట్టె ఊడదీశారు. గోడమీద నల్లరంగుతో 'అనర్హులు' అని రాశారు. ఎక్కడో మామిడిచెట్టులోంచి, అంత గాలిలోనూ, నిజమైన కోకిల ఒకటి గొంతు చించుకుని కూసింది. "అదిగో, కన్నతల్లి," అంది మాణిక్యాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. గున్నేశ్వర్రావు టోపీ తీశాడు.

ఇలాంటి కబురు మా ఊళ్ళో గాలికంటే ముందు పోతుంది. జీపు మలుపు తిరిగేసరికి పక్కింటివాళ్ళవీ కోకిలలే, ఎదురింటివాళ్ళవీ కోకిలలే. కోమట్ల వీధిలో పిచ్చుకలు కోకిలలయ్యాయి, పాత పోస్టాఫీసు సందులో గోరింకలు కోకిలలయ్యాయి. ఒకాయన మా పెరట్లో కోడి కూడా కోకిలే అన్నాడు గానీ అది కాస్త ఎక్కువైందని చుట్టుపక్కలవాళ్ళే ఆపారు. కత్తులవాళ్ళు ప్రతి గుమ్మంలోనూ నిలబడటం, గోడమీద 'అనర్హులు' అని రాయడం, ముందుకి పోవడం. రంగు డబ్బా అయిపోయి బొగ్గుతో రాశారు. మధ్యాహ్నం తుఫాను ఊరిమీదుగా దాటింది. స్తంభాలు పడ్డాయి, అరటితోటలు నేలమట్టమయ్యాయి, మూడొంతుల మామిడికాయ రాలింది. సన్నజాజి పందిరి ఒక పక్కకి ఒరిగింది. మేమిద్దరం వెళ్ళి దానికి వెదురు బొంగులు పోటు పెట్టి, ఒకరి పక్కన ఒకరం చలికి వణుకుతూ పట్టుకుని నిలబడ్డాం. ఆకుల్లోంచి ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. గాలి తగ్గాక కిచకిచమన్నాయి. మాణిక్యాంబ నన్ను కావిలించుకుంది. పెళ్ళయ్యాక పెరట్లో అలా చెయ్యడం అదే మొదలు.

ఇక మూడో విడత మిగిలింది, ఆనందంగా ఉన్న పిట్ట. ఆకులు కొట్టిన పెరళ్ళన్నీ తిరిగాం. రేకు పెట్టెలు కాలవల్లో తేలుతున్నాయి. అర్హులైన లబ్ధిదారులు ఎక్కడా లేరు. కాకులు మాత్రం ఉన్నాయి. వాటిని తీశాను కూడా. కానీ రాజధానికి కాకి ఫోటో పంపితే శకునం బాగుండదన్నారు.

చివరికి కమిషనర్ గారు ఒంటరిగా, నడిచి, మా ఇంటికి వచ్చారు. పెరట్లో బట్టల తాడు మీద రెండు పిగిలిపిట్ట పిల్లలు, తోకలు ఇంకా పూర్తిగా రానివి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఎండలో కూర్చున్నాయి. తల్లి నోట్లో పండు పెడుతోంది. ఆయన దుర్భిణి ఎత్తి చూసి, దించి, చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆయనకి నిజంగానే పిట్టలంటే ఇష్టం. అదే పెద్ద చిక్కు.

"స్టూడియో గారూ, ఒక్కటి తియ్యండి," అన్నారు.

"అవి అనర్హులు కదండీ," అంది మాణిక్యాంబ.

"సాయానికి అర్హత కావాలి గానీ ఫోటోకి ఎందుకమ్మా?"

మాణిక్యాంబ ఆలోచించింది. "తియ్యండి. లైటు వెయ్యకూడదు. పందిరి జోలికి ఇకమీదట ఎవరూ రాకూడదు."

"అనర్హుల జోలికి ప్రభుత్వం ఎన్నడూ రాదమ్మా," అని ఆయన ఛాతీమీద చెయ్యి వేసుకుని మాటిచ్చారు.

నెల తిరక్కుండా గళరక్షకి రాష్ట్ర స్థాయిలో ప్రశంస వచ్చింది. పురపాలక కార్యాలయం ముందు పెద్ద బోర్డు పెట్టారు. మొదటి ఫోటో, తుఫానుకి ముందు దానిమ్మ చెట్టు మీద తేనెపిట్ట. రెండోది, తుఫానులో అదే తేనెపిట్ట, నేను తీసిన గొప్ప ఫోటో. మూడోది, బట్టల తాడు మీద పిగిలిపిట్ట పిల్లలు. మూడిట్లోనూ ఒకే నంబరు పలక. మూడోదాంట్లోకి పలకని కంప్యూటర్లో నేనే ఎక్కించాను. గుప్పెడు పిట్ట చారెడయింది, ఒకటి రెండయ్యాయి, రంగు మారింది. రాజధానిలో ఎవ్వరూ తప్పు పట్టలేదు. 'సహాయానంతరం లబ్ధిదారులో కనిపించిన ఎదుగుదల గమనార్హము' అని రాశారు.

ఒకరోజు బజారుకి వెళ్తూ నాగరత్నం గారు ఆ బోర్డు ముందు ఆగడం చూశాను. మూడో ఫోటోని ఆవిడ చూడలేదు. మధ్య ఫోటో దగ్గరే, చేతిసంచీ కింద పెట్టి, చాలాసేపు నిలబడ్డారు. నేను ఎదురుగా ఉన్న నా స్టూడియో షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

మొన్న సోమవారం మళ్ళీ అల్పపీడనం అన్నారు. మళ్ళీ సమావేశం పెట్టారు, మళ్ళీ కెమెరాతో పిలిచారు. గత తుఫానులో పట్టణములో కోకిలల సంఖ్య అనూహ్యముగా ఉన్నట్లు క్షేత్రస్థాయిలో వెల్లడైనందున, ప్రజాభీష్టము మేరకు ఈసారి కోకిలలకు ప్రథమ ప్రాధాన్యతనిచ్చి సాయం చేయుటకు నిశ్చయించారు. వాళ్ళకి చిరునామాలు వెతికే పని కూడా లేదు. గోడలమీద రాసే ఉంది.

ఇంటికొచ్చి మాణిక్యాంబకి చెప్పాను. సన్నజాజి పందిరిలో పిగిలిపిట్ట రెండోసారి గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆవిడ బియ్యం ఏరుతూ పందిరి కేసి చూసింది.

"ఏవండీ, గబ్బిలం పాడదు కదా?"

"పాడదు."

"అసలు పిట్టే కాదు కదా?"

"కాదు."

"కోకిలా కాదు కదా?"

"ఎంతమాత్రం కాదు."

"అయితే వెళ్ళి చెప్పండి," అంది బియ్యం చెరుగుతూ. "మావి గబ్బిలాలు."